మ్యాజిక్ ఐ పచ్చగా ఉంది, మరి బండి ఎందుకు లేవట్లేదు?

ప్రశ్న: మాది ఖమ్మం. నేను స్కూల్ టీచర్‌ని. మా పెట్రోల్ కారు కొని నాలుగేళ్లయింది, బ్యాటరీ కారుతో పాటు వచ్చిందే, మీద 35 ఏహెచ్ అని రాసి ఉంది. రోజూ స్కూలుకి వెళ్లి రావడానికే వాడతాను, 3 కిలోమీటర్లు. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని 20 రోజులు దుబాయ్‌లో మావారి దగ్గరికి వెళ్లొచ్చాం. వచ్చాక తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప ఏమీ లేదు. మెకానిక్ వచ్చి ఇంకో బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి, "బ్యాటరీ పోయింది మేడమ్, కొత్తది వేయించండి" అన్నాడు. పక్కింటి బాబాయ్‌గారేమో బ్యాటరీ మీదున్న గుండ్రటి కన్ను పచ్చగానే ఉంది, ఏమీ కాలేదు అంటున్నారు. ఇప్పుడు ఒకరోజు స్టార్ట్ అవుతోంది, ఒకరోజు మొరాయిస్తోంది. ఇంట్లో నేనే చూసుకుని తేల్చుకునే దారి ఉందా? ఇంకోటి, మళ్లీ ఊరెళ్తే పక్కింటివాళ్లకి తాళాలిచ్చి రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేయించమంటారా?

సమాధానం: టీచర్‌గారూ, కొత్త బ్యాటరీకి అప్పుడే డబ్బులు తీయకండి. మీ మెకానిక్ చెప్పింది తప్పని నేను అనట్లేదు, నాలుగేళ్లు ఖమ్మం ఎండలు తిన్న బ్యాటరీ పోయిందంటే నమ్మడం పెద్ద కష్టమేం కాదు. కాకపోతే ఆయన చూసిందల్లా ఆ రోజు బ్యాటరీ ఖాళీగా ఉందని మాత్రమే. ఖాళీ అవడం వేరు, పాడవడం వేరు. ఈ రెండూ కలిపేసుకుని, ఇంకో ఏడాది బతికే బ్యాటరీని పాత సామాను కింద ఇచ్చేసేవాళ్లు చాలామంది. నిజంగానే చచ్చినదానికి ఛార్జింగ్ మీద ఛార్జింగ్ పెట్టించుకుంటూ పొద్దున్నే బండి తోసేవాళ్లూ ఉన్నారు.

మీ ఊరి దగ్గర చెరువునే తీసుకోండి. అలుగు పారుతోంది, చూస్తే నిండుగా ఉంది, కానీ అడుగున ఏళ్ల తరబడి పూడిక పేరుకుపోతే ఆ నీళ్లు ఒక తడికి కూడా చాలవు. బ్యాటరీ వోల్టేజీ అంటే ఆ నీటి మట్టమే, నిండిందో లేదో చెబుతుంది గానీ లోతు ఎంత మిగిలిందో చెప్పదు. లోతు తెలియాలంటే తూము ఎత్తి చూడాలి, అంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు కొలవాలి. ఇక ఆ పూడిక సంగతి: బ్యాటరీ వాడకంలో ఖాళీ అయ్యేకొద్దీ లోపలి సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. వెంటనే ఛార్జ్ చేస్తే అది మళ్లీ కరిగిపోతుంది, వారాల తరబడి అలాగే వదిలేస్తే గట్టిపడి ఇక కరగదు. దానికి తోడు వేడి. ఎండాకాలంలో బానెట్ కింద కాగిపోతుంటే లోపలి నీళ్లు ఆవిరవుతాయి, పలకలు తొందరగా తినుకుపోతాయి. అందుకే మన దగ్గర బ్యాటరీని ఎండాకాలం పాడుచేస్తుంది, ఆ సంగతి బయటపడేది మాత్రం వానల్లోనో చలికాలం పొద్దునో.

ఇప్పుడు మీ కేసులో ఏం జరిగి ఉంటుందో కాస్త లెక్క వేద్దాం, టీచర్‌గారు కాబట్టి లెక్కంటే విసుక్కోరనుకుంటా. కారు ఆపి తాళం వేసినా అందులో అలారం, సెంట్రల్ లాకింగ్, గడియారం, కంప్యూటర్ మెమరీ లాంటివి కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే అంటారు. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు లాగితే ఒక ఏహెచ్ ఖర్చయినట్టు. 30 అనుకోండి, రోజుకి 0.72 ఏహెచ్ పోతుంది, 20 రోజులకి 14 పైనే. 35 ఏహెచ్ బ్యాటరీ అంటే కొత్తలో 35, నాలుగేళ్ల తర్వాత అంత ఉండదు. పైగా రోజూ 3 కిలోమీటర్ల ప్రయాణం వల్ల మీ బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండి ఉండదు, మీరు దుబాయ్ విమానం ఎక్కేనాటికే అది సగమో ముప్పాతికో ఉండి ఉంటుంది. అందులోంచి 14 తీసేస్తే సెల్ఫ్ లేవకపోవడంలో వింతేముంది? కాబట్టి అది లేవలేదన్న ఒక్క కారణంతో పోయిందని తీర్పు చెప్పలేం. అలాగని బాగుందనీ చెప్పలేం.

బాబాయ్‌గారి పచ్చ కన్ను గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. దాన్ని మ్యాజిక్ ఐ అంటారు. లోపల చిన్న బంతి ఉంటుంది, యాసిడ్ చిక్కదనం బాగుంటే తేలి పచ్చగా కనిపిస్తుంది, ఛార్జ్ తగ్గితే మునిగి నల్లగా కనిపిస్తుంది, తెల్లగా కనిపిస్తే లోపల నీళ్లు తగ్గిపోయాయని అర్థం. బాగానే ఉంది, కానీ 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఈ కన్ను చూసేది అందులో ఒక్కదాన్నే. మిగతా అయిదింటిలో ఏది చచ్చినా దానికి తెలియదు. ఒక్కోసారి బంతి ఇరుక్కుపోతుంది కూడా. నల్లగానో తెల్లగానో ఉంటే పట్టించుకోండి, పచ్చగా ఉందని మాత్రం ధీమా పడకండి.

ఇక పని. ఎలక్ట్రికల్ షాపులో డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనండి, ఖరీదైనది అక్కర్లేదు, కొన్ని వందల్లో దొరికేది చాలు. దాని నాబ్‌ని డీసీ వోల్టుల వైపు 20 దగ్గర పెట్టాలి. ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి. తిరగేసి పెట్టినా మీటర్ పాడవదు, అంకె ముందు మైనస్ గుర్తు వస్తుంది, అంతే. అయితే మీటర్ ఎర్ర పిన్ను ఆంపియర్ల రంధ్రంలో ఉండగా బ్యాటరీకి తగిలించకూడదు, వోల్టుల రంధ్రంలోనే ఉందో లేదో ముందు చూసుకోండి. చేతికి బంగారు గాజులు, ఉంగరాలు ఉంటే తీసి పక్కన పెట్టండి. ప్లస్‌కీ కారు బాడీకీ మధ్య గాజు అడ్డం పడిందంటే క్షణంలో ఎర్రగా కాలుతుంది. ఛార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది కాబట్టి దగ్గర్లో అగ్గిపుల్ల, సిగరెట్ వద్దు.

మీటర్ పెట్టే ముందు టెర్మినల్స్ చూడండి. తెల్లగానో నీలంగానో చిలుము పట్టి ఉంటే సగం సమస్య అదే కావచ్చు, ఒకరోజు స్టార్ట్ అయ్యి ఒకరోజు మొరాయించడం అనేది లూజు టెర్మినల్‌కి కూడా అచ్చంగా సరిపోయే లక్షణం. క్లాంపు చేత్తో పట్టి తిప్పండి, కదిలితే అది లూజే. శుభ్రం చేయాలంటే ముందు మైనస్ విప్పి తర్వాత ప్లస్ విప్పాలి, బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. చాలా కార్లకి 10 నంబర్ స్పానర్ సరిపోతుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చిలుము బుసబుసా పొంగి పోతుంది, తర్వాత తుడిచి ఆరబెట్టి బిగించి పైన కాస్త వ్యాసెలిన్ రాయండి. కళ్లు, చేతులు జాగ్రత్త, అది యాసిడ్.

మొదటి కొలత పొద్దున్నే తీసుకోవాలి. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి వెంటనే కొలిస్తే 12.8, 12.9 అని అందంగా చూపిస్తుంది, అది పైపై ఛార్జ్, నమ్మొద్దు. రాత్రంతా కారుని ముట్టుకోకుండా వదిలేసి, పొద్దున్నే బానెట్ తెరిచి, తలుపు మూసేసి, లోపలి లైట్లన్నీ ఆరిపోయేదాకా ఓ పది నిమిషాలు ఆగి అప్పుడు కొలవండి. 12.6 నుంచి 12.7 వస్తే నిండా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పాతిక వంతు, 11.8కి దిగితే ఖాళీ. అంకెల మధ్య తేడా ఎంత చిన్నదో చూశారా, అందుకే "12 చూపిస్తోంది కదా, బాగానే ఉంది" అనేవాళ్ల మాట వినొద్దంటాను. ఒకవేళ 10.5 దగ్గర కనిపించి ఎంత ఛార్జ్ చేసినా అక్కడే ఆగిపోతుంటే ఇక పరీక్షలు అక్కర్లేదు. ఒక్కో సెల్ 2.1 వోల్టులు, ఆరింట్లో ఒకటి షార్ట్ అయి అయిదే మిగిలాయన్నమాట.

రెండోదే అసలు పరీక్ష. దీనికి ఇంకో మనిషి కావాలి. వాళ్లని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ పూర్తిగా నొక్కి ఉంచమనండి. డ్రైవింగ్ రాని పిల్లల్ని మాత్రం కూర్చోబెట్టొద్దు. మీరు మీటర్ వైర్లు రెండు టెర్మినల్స్ మీద గట్టిగా అదిమి పట్టుకుని, వైర్లూ చున్నీ కొంగూ ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా ఉన్నాయని చూసుకుని, అప్పుడు సెల్ఫ్ కొట్టమనండి. ఇంజిన్ తిరుగుతున్న ఆ ఒకటి రెండు సెకన్లలో అంకె ఎంతకి పడిపోయిందో చూడాలి. కంటికి అందకపోతే ఫోన్‌లో మీటర్‌ని వీడియో తీసి ఆపి ఆపి చూసుకోండి, పిల్లలకి ఆ పని అప్పగిస్తే సంతోషంగా చేస్తారు. మంచి బ్యాటరీ అయితే 10 పైనే నిలబడుతుంది. 9.6 కంటే కిందకి దిగితే బలహీనం. 8కో 7కో జారిపోతే ఇక అందులో సత్తువ లేదు.

అయితే ఈ రెండో అంకెని విడిగా చదవకూడదు, మొదటిదాని పక్కన పెట్టి చదవాలి. పొద్దున 12.6 చూపించి సెల్ఫ్‌కి 8.5కి పడిపోయిందంటే చెరువు నిండా ఉన్నా లోతు లేదని, మెకానిక్ మాటే నిజమని. పొద్దున 12.1 ఉండి సెల్ఫ్‌కి 9.7 దగ్గర ఆగిందంటే ఆ బ్యాటరీ మీద కోపం తెచ్చుకోకండి, అది ఆకలితో ఉంది, అంతే. పొద్దున 12.1, సెల్ఫ్‌కి 8 అయితే? అప్పుడు ఏదీ తేల్చలేం. ముందు నిండా ఛార్జ్ చేయించి మళ్లీ చూడాలి. మీ కారు ఇప్పుడున్న పరిస్థితిలో మీకు ఇదే వస్తుందని నా అంచనా. అన్నట్టు వోల్టేజీ పెద్దగా పడకుండా 12 దగ్గరే ఉండి సెల్ఫ్ మాత్రం తిరగకపోతే బ్యాటరీని వదిలేసి టెర్మినల్స్, ఎర్త్ వైరు, సెల్ఫ్ మోటార్ వైపు చూడమని మెకానిక్‌కి చెప్పండి.

ఛార్జింగ్ అంటే బండి ఆన్ చేసి ఇంటి ముందు అరగంట ఉంచడం కాదు. బ్యాటరీ షాపులో ఇచ్చి ఒక రాత్రంతా ఛార్జింగ్ పెట్టించండి, లేదా కారు బ్యాటరీలకి వాడే ఆటోమేటిక్ ఛార్జర్ కొనుక్కోండి, మీ వాడకానికి అది దండగ కాదు. 35 ఏహెచ్ బ్యాటరీకి 3 నుంచి 4 ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా పెడితే, ఖాళీగా ఉన్నది నిండడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. కొంతమంది ఇంట్లో ఇన్వర్టర్‌కి తగిలించి ఛార్జ్ చేస్తుంటారు. వద్దు. అది 150 ఏహెచ్ పెద్ద బ్యాటరీ కోసం చేసింది, ఈ చిన్నదానికి ఆ కరెంటు ఎక్కువ. ఛార్జ్ అయ్యాక కారుకి బిగించకుండా ఒక పూట అలా వదిలేసి కొలవండి, 12.6 ఉండాలి. రెండు రోజులాగి మళ్లీ కొలవండి. ఏ వైరూ తగిలించకుండా కూర్చున్న బ్యాటరీ రెండు రోజుల్లో 12.3కి దిగిందంటే దాన్ని అదే తినేస్తోంది, వదిలించుకోండి. అలా దిగకుండా నిలబడితే బిగించి సెల్ఫ్ పరీక్ష ఇంకోసారి చేయండి. ఆ అంకె చెప్పిందే తీర్పు, నా మాటా కాదు, మెకానిక్ మాటా కాదు.

మీ బ్యాటరీకి పైన మూతలు ఉంటే హైడ్రోమీటర్ పెట్టి ఒక్కో సెల్‌లో యాసిడ్ చిక్కదనం చూడొచ్చు. నిండా ఛార్జ్ అయిన సెల్ 1.250 పైన చూపిస్తుంది, 1.200 దగ్గర ఉంటే సగమే. అంకె కన్నా సెల్స్ మధ్య తేడా ముఖ్యం, అయిదు ఒకేలా ఉండి ఒక్కటి 0.050 పైన తక్కువ ఉంటే ఆ సెల్ పోతున్నట్టే. కంపెనీ నుంచి వచ్చేవి ఈమధ్య ఎక్కువగా సీల్ చేసినవే కాబట్టి మీకు ఈ పరీక్ష కుదరకపోవచ్చు, మూతలు లేనిదాన్ని స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించే ప్రయత్నం చేయకండి. మూతలుంటే, నీళ్లు తగ్గితే పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. కుళాయి నీళ్లూ కాదు, ఆర్‌ఓ నీళ్లూ కాదు. యాసిడ్ అసలు పోయకూడదు, ఆవిరయ్యేది నీళ్లే గానీ యాసిడ్ కాదు.

బ్యాటరీ మంచిదని తేలితే కథ అయిపోలేదు, దాన్ని నింపేది, అంటే ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, సరిగ్గా ఉందో లేదో చూడాలి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా అవే రెండు టెర్మినల్స్ మీద కొలిస్తే 13.5 నుంచి 14.7 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడండి, 13 పైన నిలబడితే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. ఆన్‌లో ఉన్నా 12.4 లాగే ఉంటే బ్యాటరీకి తిండే అందట్లేదు, ఎన్ని కొత్తవి వేసినా ఇదే గతి. 15 దాటుతుంటే ఎక్కువ తినిపించి చంపుతోంది. కొన్ని కొత్త కార్లలో, ముఖ్యంగా సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే రకం వాటిలో, ఛార్జింగ్‌ని కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి అక్కడ ఒక్క అంకె చూసి కంగారు పడక్కర్లేదు. ఒక పాత అలవాటు ఉంది, ఇంజిన్ నడుస్తుండగా మైనస్ వైరు పీకేసి, బండి ఆగకపోతే డైనమో (అంటే ఈ ఆల్టర్నేటరే) బాగుందని చెప్పడం. ఎవరైనా మీ కారుకి అది చేయబోతే చేయి పట్టుకుని ఆపండి. వైరు పీకిన క్షణంలో వోల్టేజీ ఎగిరి కంప్యూటర్లు కాలిపోయే ప్రమాదం ఉంది, ఆ ఖర్చుకి నాలుగు బ్యాటరీలు వస్తాయి. టెర్మినల్స్ మధ్య స్పానర్ గీకి నిప్పురవ్వలు చూసి "పవర్ ఉంది" అనడం కూడా అంతే, పైన గ్యాస్ సంగతి చెప్పాను కదా.

మీ కారులో డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ లాంటివి బయట పెట్టించి ఉంటే అవి ఇంజిన్ ఆపి తాళంచెవి బయటికి తీశాక ఆగుతున్నాయో లేదో చూడండి. 250 మిల్లీ ఆంపియర్లు లాగే కెమెరా ఒకటి రాత్రీపగలూ నడిస్తే రోజుకి 6 ఏహెచ్, మంచి బ్యాటరీ అయినా మూడు నాలుగు రోజుల్లో చతికిలపడుతుంది. నిలబడ్డ కారు ఎంత లాగుతోందో మీటర్‌తోనే కొలవొచ్చు గానీ, మైనస్ వైరు విప్పి మీటర్‌ని మధ్యలో తగిలించి, కారు పూర్తిగా నిద్రపోయేదాకా అరగంట ఆగాలి, ఈలోపు ఎవరైనా తాళం తిప్పితే మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది. దీన్ని మాత్రం ఆటో ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

అన్నీ చూశాక బ్యాటరీ పోయిందనే తేలిందనుకోండి, కొనే ముందు షాపులో డిజిటల్ టెస్టర్ పెట్టి సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్, అంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ ఇవ్వగల కరెంటు) ఎంత చూపిస్తుందో అడగండి. బ్యాటరీ మీద రాసిన సీసీఏకి అది ఎంత తక్కువో చూస్తే మీ ఇంటి పరీక్షకి సాక్ష్యం దొరికినట్టే. కొత్తదాని మీద తయారీ నెల చూసుకోండి, షాపులో నెలల తరబడి నిలవున్నది వద్దు. ప్లస్ ఎడమ వైపా కుడి వైపా అన్నది కూడా పాతదానితో సరిపోవాలి, లేకపోతే కారు వైరు అందదు. సిగ్నల్ దగ్గర ఆగి లేచే కారైతే దానికి అలాంటి కార్ల కోసమే చేసే ఈఎఫ్‌బీ, ఏజీఎమ్ రకాల్లో పాతది ఏదైతే అదే వేయించాలి, మామూలుది తొందరగా చేతులెత్తేస్తుంది. కంపెనీ ఏదన్నది నాకు పెద్ద పట్టింపు లేదు, తిరుపతి పక్కన కరకంబాడి నుంచి వచ్చే అమరాన్ అయినా ఎక్సైడ్ అయినా సైజూ సీసీఏ సరిపోతే చాలు. వారంటీలో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారు, ఎన్ని నెలలు తగ్గింపు మాత్రమే ఇస్తారు అని విడివిడిగా అడిగి, కార్డు మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. పాతది షాపులోనే ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయండి, సీసానికి మంచి ధర ఉంది, ఇంట్లో మూల పడేయడం పిల్లలకీ మంచిది కాదు.

ఇక పక్కింటివాళ్ల చేత రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేయించడం గురించి. అక్కర్లేదు, పైగా నష్టం. సెల్ఫ్ కొట్టడానికి 150 ఆంపియర్లు రెండు సెకన్లు లాగినా 0.1 ఏహెచ్ కూడా ఖర్చవదు, అది పెద్ద విషయం కాదు. కానీ ఇంజిన్ నిలబడి నడిచే ఐదు నిమిషాల్లో బ్యాటరీలోకి తిరిగి వెళ్లేది దాదాపు నిలబడ్డ కారు ఒక రోజులో లాగేసుకునేంతే, ఏసీ వేస్తే అదీ వెళ్లదు. ఇంజిన్ వేడెక్కకముందే ఆపేయడం వల్ల సైలెన్సర్‌లో, ఆయిల్‌లో తేమ చేరుతుంది. ఇంట్లో ఉన్నప్పుడైతే వారానికోసారి కూసుమంచి దాకానో పాలేరు దాకానో ఓ ముప్పావు గంట ఆపకుండా నడపండి, బ్యాటరీకి అంతకు మించిన మందు లేదు. రెండు వారాలు దాటి ఊరెళ్తుంటే ముందు రోజు అలా తిప్పి తెచ్చి, మైనస్ వైరు విప్పి బ్యాటరీకి తగలకుండా పక్కకి జరిపి, వైరు కొసకి గుడ్డ చుట్టి వెళ్లండి. ముందే మీ మ్యూజిక్ సిస్టమ్‌కి కోడ్ ఏదైనా ఉందేమో కారు పుస్తకంలో చూసుకోండి. వైరు విప్పాక రిమోట్ పనిచేయదు, డోర్లు చేత్తో లాక్ చేసి డ్రైవర్ డోర్‌కి తాళంచెవితో తాళం వేయాలి, వచ్చాక కూడా తాళంచెవితోనే తీయాలి. గడియారం మళ్లీ సరిచేసుకోవాల్సి వస్తుంది, అద్దాల ఆటో బటన్ పనిచేయకపోతే ఒకసారి పూర్తిగా పైకెత్తి బటన్ అలాగే కాసేపు పట్టుకుంటే చాలా కార్లలో దారికొస్తుంది.